కేదార్‌కంఠ ట్రెక్‌కి ఎలాంటి గ్లౌజులు తీసుకోవాలి? తిరుపతి, చిత్తూరు వాళ్ల సలహాలు కావాలి

అలిపిరి_నడక | నవంబరు 16, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. డిసెంబరు చివరి వారంలో మా బ్యాచ్ ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్తోంది. శిఖరం ఎత్తు సుమారు 12,500 అడుగులు. ట్రెక్ నడిపేవాళ్లు పంపిన సామాన్ల జాబితాలో గ్లౌజుల గురించి ఒక్క లైనే ఉంది: "రెండు జతలు, ఒకటి ఫ్లీస్, ఒకటి వాటర్‌ప్రూఫ్". ఫ్లీస్ అంటే ఉన్నిలా మెత్తగా ఉండే సింథటిక్ గుడ్డ అని మాత్రం తెలిసింది. బూట్లు, జాకెట్ల గురించి ఎక్కడ చూసినా బోలెడంత సమాచారం ఉంది. గ్లౌజుల గురించి వివరంగా చెప్పేవాళ్లు దొరకలేదు.

నా భయానికి కారణం ఉంది. డిసెంబరులో తెల్లవారుజామున శ్రీవారి మెట్టు దగ్గరికి బండి మీద వెళ్లేసరికే నా వేళ్లు కొంకర్లు పోతాయి. పక్కనున్నవాళ్లకి ఏమీ ఉండదు. తిరుపతి ఎండలకి అలవాటుపడిన చేతులు మైనస్ డిగ్రీల్లో ఎలా ఉంటాయో ఊహకి కూడా అందడం లేదు. ఇక్కడి షాపుల్లో ఉన్ని గ్లౌజులు, బైక్ గ్లౌజులు తప్ప ఏమీ చూపించడం లేదు. ఏం చూసి కొనాలి? ఎంత ఖర్చు పెట్టాలి?

రేణిగుంట_రైడర్ | నవంబరు 16, రాత్రి 10:15

బ్రదర్, అంత ఆలోచించాల్సిన పని లేదు. మా కజిన్ వాళ్లు జనవరిలో మనాలి వెళ్లొచ్చారు. రోడ్డు పక్కన మూడొందలకి కొన్న గ్లౌజులతోనే తిరిగారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ డబ్బులు మంచి బూట్ల మీద పెట్టండి.

మదనపల్లె_కొండగాలి | నవంబరు 16, రాత్రి 11:30

రైడర్ గారూ, మనాలి బజారులో మధ్యాహ్నం తిరగడం వేరు, కేదార్‌కంఠ శిఖరానికి వెళ్లడం వేరు. అక్కడ రాత్రి రెండు మూడు గంటలకే బయల్దేరదీస్తారు. సూర్యుడు వచ్చేదాకా చీకట్లో మంచు మీద నడవాలి. చలి మైనస్ 10 దాకా దిగవచ్చు, పైన గాలి కూడా తోడైతే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. లెక్క ప్రకారం చూస్తే మైనస్ 5 ఉన్నచోట గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 13 లాగా తగులుతుంది. చలి కొరికినప్పుడు హోటల్ గదిలోకి వెళ్లిపోయే అవకాశం కూడా అక్కడ ఉండదు.

అలిపిరి తమ్ముడూ, నా మాట ఒక్కటే. బాగా లావుగా ఉన్న ఒక జత కొని పని అయిపోయిందనుకోవద్దు. చెయ్యి వెచ్చగా ఉండాలంటే మూడు జరగాలి: లోపలి చెమట బయటికి పోవాలి, వెచ్చటి గాలి లోపలే నిలవాలి, బయటి గాలీ నీళ్లూ లోపలికి రాకూడదు. ఈ మూడూ ఒకే గుడ్డ బాగా చేయలేదు. అందుకే పొరలుగా వేసుకుంటారు.

లోపల పల్చటి లైనర్, అంటే లోపలి గ్లౌజు. మెరినో ఉన్నిది గానీ పాలియెస్టర్‌ది గానీ తీసుకో. కాటన్ మాత్రం వద్దు, చెమట పీల్చుకుని అలాగే తడిగా ఉండిపోతుంది. నీళ్లు గాలికంటే పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. అంటే తడిసిన గ్లౌజు వేసుకోవడం చేతుల్లోంచి వేడిని మనమే తీసి బయట పారేయడం.

దానిమీద ఇన్సులేషన్ (వేడిని నిలిపే నింపుడు) ఉన్న వాటర్‌ప్రూఫ్ గ్లౌజు. లోపల ఏం నింపారో లేబుల్ చదువు. థిన్సులేట్, ప్రైమాలాఫ్ట్ లాంటి సింథటిక్ నింపుడు తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది. 1980ల్లో అమెరికా సైన్యం కోసం ప్రైమాలాఫ్ట్‌ని తయారు చేసిందే తడిలో కూడా పనికొచ్చే నింపుడు కావాలని. పక్షి ఈకల నింపుడు పొడిగా ఉన్నంతసేపు చాలా వెచ్చన, తడిస్తే మాత్రం ముద్దైపోతుంది. మంచులో ఆడుకునేవాళ్లకి అది వద్దు.

నడక మొదలుపెట్టిన కాసేపటికే ఒళ్లు వేడెక్కుతుంది. అప్పుడు బయటిది తీసేసి లైనర్‌తో నడువు. ఆగగానే మళ్లీ వేసుకో. చేతులు చల్లబడ్డాక వేసుకుంటే అవి మళ్లీ వెచ్చబడడానికి చాలాసేపు పడుతుంది. గ్లౌజు తనంతట తాను వేడి పుట్టించదు కదా, చేతిలో ఉన్న వేడిని కాపాడుతుంది అంతే.

అలిపిరి_నడక | నవంబరు 17, ఉదయం 7:05

అన్నా, చాలా థాంక్స్. లావుగా ఉంటే చాలు అనే అనుకున్నాం ఇంట్లో అందరం. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటే నమ్మొచ్చా?

మదనపల్లె_కొండగాలి | నవంబరు 17, ఉదయం 8:20

చూసి నమ్మాలి. రెండు రకాలుంటాయి. ఒకటి గుడ్డ మీద నీటి బొట్లు జారిపోయేలా పూత పూసింది, అది కొన్నాళ్లకి పోతుంది. రెండోది గుడ్డకీ ఇన్సులేషన్‌కీ మధ్య గోర్-టెక్స్ లాంటి సన్నటి పొర పెట్టింది. ఆ పొరలో రంధ్రాలు నీటి బొట్టుకంటే చాలా చిన్నవి, ఆవిరికంటే పెద్దవి. బయటి నీళ్లు రావు, లోపలి చెమట ఆవిరై పోతుంది. లేబుల్ మీద మెంబ్రేన్ అనే మాట ఉందో లేదో చూడు. వట్టి "వాటర్ రెసిస్టెంట్" అని ఉంటే అది మొదటి రకం. శిఖరం రోజుకి రెండో రకమే కావాలి.

కోల్డ్‌స్టోర్_చిత్తూరు | నవంబరు 17, మధ్యాహ్నం 1:48

నేను ట్రెక్కులకి వెళ్లను గానీ, నా ఉద్యోగమే మైనస్ 18లో. చిత్తూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్‌ని. మా వర్కర్ల చేతుల బాధ్యత నాది కాబట్టి గ్లౌజుల విషయం నాకు బాగా తెలుసు.

పని గ్లౌజుల మీద ఈఎన్ 511 అని ఒక యూరప్ ప్రమాణం గుర్తు ఉంటుంది, మంచు రేణువు బొమ్మతో. దాని కింద మూడు అంకెలు ఉంటాయి. మొదటిది చల్లటి గాలిని ఎంత ఆపుతుందో, రెండోది చల్లటి వస్తువుని పట్టుకుంటే ఎంత ఆపుతుందో చెప్తాయి. ఈ రెండూ 0 నుంచి 4 వరకు, ఎక్కువుంటే మంచిది. మూడోది నీళ్ల గురించి, 1 అంటే నీళ్లు రావు, 0 అంటే వస్తాయి. ట్రెక్కింగ్ గ్లౌజులన్నిటి మీదా ఈ గుర్తు ఉండదు, ఉంటే మాత్రం తప్పక చదవండి.

చాలామంది మర్చిపోయేది ఆ రెండో అంకె. గాలిలో వెచ్చగా ఉన్న గ్లౌజే ఇనుప రాడ్డు పట్టుకోగానే చల్లగా అయిపోతుంది. ఎందుకంటే పట్టు బాగుండాలని చాలా కంపెనీలు అరచేతి వైపు ఇన్సులేషన్ తక్కువ పెడతాయి, చేతి వెనక వైపు ఎక్కువ పెడతాయి. అరచేతిలో నొక్కినచోట ఉన్న గాలి కూడా పోతుంది. మీరు ట్రెక్‌లో కర్ర పట్టుకుంటారు కాబట్టి పిడి లోహంది కాకుండా కార్క్‌దో ఫోమ్‌దో తీసుకోండి.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. నీళ్ల బాటిల్‌ని ఫ్రీజర్‌లో గడ్డ కట్టించండి. ఇంటి ఫ్రీజర్ కూడా మైనస్ 18 దగ్గరే ఉంటుంది. గ్లౌజు వేసుకుని ఆ బాటిల్‌ని పది నిమిషాలు పట్టుకుని కూర్చోండి. ఏ వేలికి ముందు చలి తగులుతుందో తెలిసిపోతుంది. తర్వాత అదే గ్లౌజుతో పంపు కింద చెయ్యి పెట్టి కుట్ల దగ్గర తడి వస్తుందేమో చూడండి. వాపసు ఇచ్చే గడువు ఉన్నప్పుడే బాటిల్ పరీక్ష చేసేయండి. తడిపాక షాపువాళ్లు వెనక్కి తీసుకోరు కాబట్టి నీళ్ల పరీక్ష చివర్లో.

పాలబండి_పలమనేరు | నవంబరు 17, సాయంత్రం 6:30

అందరూ హిమాలయాల గురించి మాట్లాడుతున్నారు, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను రోజూ నాలుగున్నరకి బయల్దేరి ఊళ్లల్లో పాలు పోయించుకుని కేంద్రానికి తీసుకెళ్తాను. పలమనేరు చలి మీకు తెలుసు కదా, మార్గశిరం వచ్చిందంటే మంచు దట్టంగా పడుతుంది. ఉన్ని గ్లౌజులు వేసుకుంటే గాలి సూటిగా లోపలికి దూరుతుంది, పైగా ఎక్స్‌లేటర్ జారుతుంది. తోలు గ్లౌజులు క్యాన్లు కడిగేటప్పుడు తడిసి అట్టలైపోతున్నాయి. నాకు ఏది సరిపోతుంది?

మదనపల్లె_కొండగాలి | నవంబరు 17, రాత్రి 8:10

అన్నా, ఏమీ అనుకోవడం ఏంటి, ఇది హాబీ కాదు, మీ రోజువారీ పని. మీ సమస్యే ముందు తేల్చాలి.

బండి మీద శత్రువు గాలే. పది డిగ్రీల చలిలో యాభై స్పీడ్‌లో పోతే చేతులకి ఐదారు డిగ్రీలున్నట్టు తగులుతుంది. ఉన్ని అల్లికలో కన్నాలుంటాయి కాబట్టి గాలి ఆగదు. మీకు లావు అవసరం లేదు, గాలి ఆపే పై పొర కావాలి. అరచేతిలో రబ్బరు గ్రిప్ ఉన్న విండ్‌ప్రూఫ్ బైక్ గ్లౌజు, లోపల పల్చటి ఫ్లీస్ ఉంటే చాలు. బ్రేకు, క్లచ్ లివర్ల పట్టు వేళ్లకి స్పష్టంగా తెలియాలి. ఆ పట్టు తెలియనంత మందంగా ఉంటే ఎంత వెచ్చగా ఉన్నా వాడొద్దు.

అంతకంటే మంచి దారి ఇంకోటుంది. హ్యాండిల్‌కే కట్టే మఫ్‌లు దొరుకుతాయి, ఉత్తరాదిలో చలికాలంలో చాలా బండ్లకి కనిపిస్తాయి. చెయ్యి వాటిలోకి దూర్చి హ్యాండిల్ పట్టుకోవడమే. గాలి అసలు తగలదు, లోపల పల్చటి గ్లౌజు చాలు. కట్టాక ఎక్స్‌లేటర్ తిప్పి వదిలినప్పుడు దానంతట అది వెనక్కి వస్తోందో లేదో, చెయ్యి టక్కున బయటికి తీయగలుగుతున్నారో లేదో చూసుకోండి.

క్యాన్లు కడగడానికి మాత్రం వేరే రబ్బరు గ్లౌజులు పెట్టుకోండి. బండి గ్లౌజులు తడవనివ్వొద్దు.

రేణిగుంట_రైడర్ | నవంబరు 17, రాత్రి 8:55

మఫ్‌ల మాట నిజం. నేను సర్జికల్ గ్లౌజులు లోపల వేసుకుని పైన మామూలువి వేసుకుంటాను, తిరుమల ఘాట్‌లో బాగా పనిచేస్తుంది. గాలి అసలు రాదు.

స్టాఫ్‌నర్సు_తిరుపతి | నవంబరు 17, రాత్రి 10:40

రైడర్ గారూ, అరగంట ప్రయాణానికి ఆ పద్ధతి పర్వాలేదు. గంటలు గంటలు వేసుకుంటే చెమట బయటికి పోయే దారి లేక చర్మం నాని మెత్తబడుతుంది, తీయగానే చలి రెట్టింపు తెలుస్తుంది. ట్రెక్‌లో రోజంతా అలా వద్దు.

అలిపిరి గారూ, మీరు రాసిన ఒక మాట మీద నా దృష్టి ఆగింది. మీ వేళ్లు అందరికంటే ముందు చల్లబడతాయన్నారు. ఆ సమయంలో వేళ్లు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా మారి, వెచ్చబడ్డాక ఎర్రబడి మంట పుడుతున్నాయా? అలా రంగులు మారుతుంటే దాన్ని రేనాడ్స్ అంటారు, చలికి వేళ్ల రక్తనాళాలు మరీ గట్టిగా ముడుచుకుపోవడం. బయల్దేరేముందే ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. బీపీకి వాడే బీటా బ్లాకర్ మాత్రలు కొందరిలో దీన్ని ఎక్కువ చేస్తాయి. సిగరెట్ కూడా రక్తనాళాలని ముడుస్తుంది.

రంగు మారకపోతే మామూలే. వేళ్లల్లో కండ ఉండదు. వేళ్లని కదిపే కండరాలు ముంజేతిలో, అరచేతిలో ఉంటాయి. అందుకే వేళ్లు సొంతంగా వేడి పుట్టించుకోలేవు, రక్తం తెచ్చే వేడి మీదే ఆధారపడతాయి. ఒళ్లు చల్లబడితే శరీరం ముందుగా గుండెనీ మెదడునీ కాపాడుకోవాలని చేతులకి రక్తం తగ్గించేస్తుంది. అంటే ఛాతీకి, తలకి సరిగ్గా వేసుకోకుండా ఎంత ఖరీదైన గ్లౌజులు కొన్నా వేళ్లు చల్లబడతాయి. మణికట్టు దగ్గర రక్తనాళాలు పైపైనే ఉంటాయి, అక్కడ ఖాళీ లేకుండా కప్పాలి. జాకెట్ చేతి మీదకి ఎక్కేంత పొడవు కఫ్ ఉన్న గ్లౌజు తీసుకోండి. బిగుతు గ్లౌజు మాత్రం కొనొద్దు, అది రక్తాన్నీ ఆపుతుంది, లోపలి గాలికీ చోటు లేకుండా చేస్తుంది.

వేళ్లు చల్లబడుతుంటే చేతులు కిందకి చాపి భుజం నుంచి గుండ్రంగా గట్టిగా తిప్పండి, రక్తం వేళ్ల కొసలకి చేరుతుంది. చంకల్లో పెట్టుకున్నా మంచిదే.

ఒక హెచ్చరిక. నొప్పి పెడుతున్నంతసేపు ఫర్వాలేదు, నొప్పి పోయి మొద్దుబారి, చర్మం తెల్లగా మైనంలా కనిపిస్తే అది ప్రమాదం. వెంటనే ట్రెక్ లీడర్‌కి చెప్పండి. రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. స్పర్శ లేని చెయ్యి కాలినా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో పెట్టాలి, అది కూడా మళ్లీ గడ్డ కట్టే ప్రమాదం లేని చోటుకి చేరాకే.

అలిపిరి_నడక | నవంబరు 18, ఉదయం 6:50

మేడం, రంగులు మారవు, చల్లబడి తిమ్మిరెక్కుతాయి అంతే. అయినా ఒకసారి చూపించుకుంటాను. ఇంత వివరంగా చెప్పినందుకు చాలా రుణపడి ఉంటాను.

గోవిందరాజ_వీధి | నవంబరు 18, ఉదయం 11:25

ఈ చర్చ చదివి నాకూ ధైర్యం వచ్చి అడుగుతున్నాను. జనవరిలో అమ్మని వైష్ణోదేవికి తీసుకెళ్తున్నాం. అమ్మకి అరవై దాటింది, షుగర్ ఉంది. చీరే కట్టుకుంటుంది. గ్లౌజులు వేసుకోమంటే "దణ్ణం పెట్టుకోవడానికి, ప్రసాదం తీసుకోవడానికి పదిసార్లు ఎవరు తీస్తారు" అంటోంది. చీరకి జేబు కూడా ఉండదు కదా, తీస్తే ఎక్కడో పారేసుకుంటుంది. ఏం చేయాలి?

స్టాఫ్‌నర్సు_తిరుపతి | నవంబరు 18, మధ్యాహ్నం 2:05

అక్కా, షుగర్ ఉన్నవాళ్లకి వేళ్లల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, చలి ముదిరినా తెలియదు. అందుకే అమ్మ చెప్పేదాకా ఆగకుండా మీరే అప్పుడప్పుడు చేతులు పట్టుకుని చూడండి. గదిలో హీటర్‌కి దగ్గరగా చేతులు పెట్టనివ్వొద్దు.

గ్లౌజులకి ఒక నాడా కుట్టించండి. రెండు గ్లౌజులనీ కలుపుతూ మెడ వెనక నుంచి, శాలువా లోపల నుంచి వచ్చేలా. తీసినా వేలాడుతూ ఉంటాయి, పోవు. చిన్నపిల్లలకి ఇలాగే చేస్తారు, పెద్దవాళ్లకీ చాలా సౌకర్యం.

మదనపల్లె_కొండగాలి | నవంబరు 18, మధ్యాహ్నం 3:15

భవన్, అంటే అమ్మవారి గుడి దగ్గర ఎత్తు సుమారు 5,200 అడుగులు. జనవరిలో సున్నా దగ్గరికి వస్తుంది, ఒక్కోసారి మంచు పడుతుంది. కేదార్‌కంఠ స్థాయి గ్లౌజులు అమ్మకి అక్కర్లేదు, బరువు కూడా. లోపల ఫ్లీస్, బయట గాలి ఆపే గుడ్డ ఉన్నవి తీసుకోండి. అరచేతికి గ్రిప్ ఉండాలి, రెయిలింగ్ పట్టుకుని నడుస్తారు కాబట్టి ఉన్నివి జారతాయి. ఇంకో జత మీ సంచిలో పెట్టుకోండి, వానకి మొదటిది తడిస్తే వెంటనే మార్చొచ్చు.

కుప్పం_కెమెరా | నవంబరు 18, రాత్రి 9:30

మిట్టెన్‌ల గురించి ఎవరూ చెప్పలేదేంటి? బొటనవేలు విడిగా, నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండేవి. నా ఓటు వాటికే. ఒకే దుప్పట్లో నలుగురు పిల్లలు పడుకున్నట్టు వేళ్లు ఒకదానికొకటి వేడి ఇచ్చుకుంటాయి. అదే మందంలో వేళ్లు విడిగా ఉన్న గ్లౌజుకంటే మిట్టెన్ ఎప్పుడూ వెచ్చనే, చలికి తగిలే వైశాల్యం తక్కువ కాబట్టి. నేను సూర్యోదయం ఫొటోల కోసం గంటల తరబడి కదలకుండా నిలబడతాను. లోపల లైనర్, పైన మిట్టెన్. షట్టర్ నొక్కాలంటే మిట్టెన్ తీసి లైనర్‌తోనే నొక్కుతాను, వట్టి చేత్తో కెమెరా లోహం ముట్టుకోను. కొన్ని మిట్టెన్‌లకి పై మూత వెనక్కి మడిచే వీలుంటుంది, అవి ఇంకా మేలు.

మదనపల్లె_కొండగాలి | నవంబరు 18, రాత్రి 10:20

వెచ్చదనం వరకు మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ కొత్తగా వెళ్లేవాళ్లు బూటుకి మైక్రోస్పైక్‌లు (మంచు మీద జారకుండా ఆపే ముళ్ల గొలుసులు) తగిలించుకోవాలి, జిప్పులు లాగాలి, కర్ర పట్టుకోవాలి. మిట్టెన్‌తో ఇవన్నీ కష్టం, ప్రతిసారీ తీసి పెట్టాల్సి వస్తుంది. అందుకే కేదార్‌కంఠకి వేళ్ల గ్లౌజు, సంచిలో సాయంగా మిట్టెన్ అంటాను. లదాఖ్‌లో గడ్డకట్టిన నది మీద నడిచే చాదర్ ట్రెక్ లాంటి చోటకైతే మీ మాటే నా మాట, అక్కడ రాత్రులు మైనస్ 20 దాటుతుంది.

కుప్పం_కెమెరా | నవంబరు 18, రాత్రి 10:48

ఒప్పుకోను అన్నా. వేళ్లు తొందరగా చల్లబడే మనిషి అని మొదటి పోస్టులోనే రాశారు కదా. అలాంటివాళ్లకి శిఖరం రోజు మిట్టెనే ముఖ్యం, వేళ్ల గ్లౌజు సాయం. స్పైక్‌లు క్యాంపు దగ్గరే తగిలించుకుంటారు, అది లైనర్‌తో చేసుకోవచ్చు. ఇంకో మాట, లైనర్ కొనేటప్పుడు చూపుడువేలి కొసకి టచ్‌స్క్రీన్ దారం ఉన్నది చూసుకోండి. ఫోన్ కోసం లైనర్ కూడా తీసేసే బాధ తప్పుతుంది.

రేణిగుంట_రైడర్ | నవంబరు 19, ఉదయం 9:00

హ్యాండ్ వార్మర్ ప్యాకెట్లు పెట్టుకుంటే ఈ పొరలన్నీ అక్కర్లేదేమో? ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి.

కోల్డ్‌స్టోర్_చిత్తూరు | నవంబరు 19, ఉదయం 10:35

అవి సాయానికే గానీ గ్లౌజుకి బదులు కావు. లోపల ఇనుప పొడి, ఉప్పు, బొగ్గు పొడి లాంటివి ఉంటాయి. గాలిలో ఆక్సిజన్ తగలగానే ఇనుము తుప్పు పడుతూ వేడి విడుస్తుంది. బిగుతు గ్లౌజులో గాలి ఆడకపోతే సరిగ్గా వేడెక్కవు, ఎత్తు ప్రదేశాల్లో ఆక్సిజన్ తక్కువ కాబట్టి అక్కడ కూడా నెమ్మదిస్తాయి. చర్మానికి నేరుగా తగలనివ్వొద్దు, లైనర్ మీద చేతి వెనక వైపు పెట్టుకోండి. శిఖరానికి బయల్దేరే ముందే విప్పి జేబులో పెడితే వేడెక్కే సమయం దొరుకుతుంది.

అలిపిరి_నడక | నవంబరు 23, రాత్రి 9:15

ఆదివారం చెన్నై వెళ్లి డెకాథ్లాన్‌లో చూసొచ్చాం. టచ్ కొసలున్న లైనర్లు అందరికీ కొన్నాం. మెంబ్రేన్ ఉన్న గ్లౌజులు కూడా తీసుకున్నాం, రెండు వేల లోపు పడ్డాయి. ఫ్రీజర్ బాటిల్ పరీక్ష చేశాను, చిటికెన వేలికి తప్ప అన్నిటికీ బాగుంది. కొండగాలి అన్న చెప్పినట్టు లైనర్ వేసుకునే సైజు చూశాను, అయినా ఆ వేలి కొస గ్లౌజు చివరకి ఆనుతోంది. మార్చుకోవాలా?

మదనపల్లె_కొండగాలి | నవంబరు 23, రాత్రి 10:02

మార్చుకో. వేలి కొస ముందు అర సెంటీమీటరు ఖాళీ ఉండాలి. ఆనుకున్నచోట ఇన్సులేషన్ నలిగిపోతుంది, చలి సూటిగా వస్తుంది. టేపుతో బొటనవేలు వదిలేసి, వేళ్ల మొదళ్ల దగ్గర అరచేయి చుట్టుకొలత తియ్యి. ఎన్ని అంగుళాలొస్తే అదే గ్లౌజు నంబరు, ఎనిమిది అంగుళాలంటే ఎనిమిది. కంపెనీని బట్టి కొంచెం మారుతుంది కాబట్టి వేసుకునే తీసుకో. వేసుకుని పిడికిలి బిగించు, అరచేతి వెనక గుడ్డ లాగినట్టు ఉండకూడదు.

అక్కడికెళ్లాక రాత్రిళ్లు తడి లైనర్లని బుఖారీ (గది వెచ్చబరిచే కట్టెల పొయ్యి) మీద ఆరేయొద్దు, సింథటిక్ కరిగిపోతుంది, తోలు బిరుసెక్కుతుంది. కొంచెం తడే అయితే జాకెట్ లోపల ఒంటికి దగ్గరగా పెట్టుకుని పడుకుంటే పొద్దున్నకి ఆరతాయి. నీళ్లు కారేలా తడిస్తే స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టొద్దు, అదీ తడుస్తుంది. అందుకే లైనర్లు ఒక జత ఎక్కువే తీసుకెళ్లండి. నడుస్తూ గ్లౌజు తీసినప్పుడు మంచు మీద పెట్టకుండా జాకెట్ లోపల దూర్చుకో.

కుప్పం_కెమెరా | నవంబరు 24, ఉదయం 7:40

మిట్టెన్‌లు కొనకండి. నా దగ్గర రెండు జతలున్నాయి, డిసెంబరులో నేను ఎక్కడికీ వెళ్లడం లేదు. శనివారం తిరుపతి వస్తున్నాను, మీవాళ్లలో ఎవరికి చేతులు ఎక్కువ చల్లబడతాయో వాళ్లకి ఇవ్వండి. మిగతావాళ్లు ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రిలో అద్దెకి అడగండి. అద్దెకి తీసుకుంటే లోపల చెయ్యి పెట్టి తడి వాసన, ఉండలు కట్టిన నింపుడు లేవని చూసుకునే తీసుకోవాలి.

అలిపిరి_నడక | నవంబరు 24, ఉదయం 8:10

అన్నా, ఇంత సాయం చేస్తారనుకోలేదు. శనివారం ఎన్ని గంటలకైనా సరే, బస్టాండ్ దగ్గరికి నేనే వస్తాను. ఒకటి నాకు, ఇంకోటి మా బ్యాచ్‌లో ఒకడికి, వాడి చెయ్యి కొలిస్తే తొమ్మిది అంగుళాలు వచ్చింది. సరిపోతుందా?

కుప్పం_కెమెరా | నవంబరు 24, ఉదయం 8:32

రెండోది ఎక్స్ఎల్, సరిపోతుంది. అతన్నీ వెంటపెట్టుకురండి, ఇద్దరూ లైనర్లు వేసుకునే రండి. అక్కడే తొడిగి చూద్దాం.